తప్పకుండా వచ్చిన తప్పు ఫైలు: ఒక ప్రభుత్వ సంస్థలో ఒరాకిల్ అప్‌గ్రేడ్ కేస్ స్టడీ

ఈ కేసులో సంస్థ పేరు చెప్పడం లేదు. అంకెలు గుండ్రం చేశాం, ఒకటి రెండు చోట్ల ఊరు మార్చాం. సాంకేతిక వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాం.

సంస్థ, దాని లెక్కలు

ఒడిశా అంతటా రోడ్లు, వంతెనలు, ప్రభుత్వ భవనాలు కట్టించే పెద్ద సంస్థ అది. అప్‌గ్రేడ్ రాష్ట్రం మొత్తానికి జరిగింది. ఇక్కడ రాస్తున్నది ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల డివిజన్ల సంగతి. ఇక్కడ ఫైలు మీద నోటు ఒడియాలో నడుస్తుంది, తెర మీద ఇంగ్లీషు ఉంటుంది, కాంట్రాక్టరూ గుమాస్తా మాట్లాడుకునేది చాలాసార్లు తెలుగులో.

చెల్లింపులన్నీ ఒకే దారిన వస్తాయి. సైటులో జేఈ (జూనియర్ ఇంజనీరు) ఎం.బీ.లో (కొలతల పుస్తకంలో) కొలతలు రాస్తారు, ఎస్‌డీఓ (సబ్‌డివిజన్ అధికారి) సరిచూస్తారు, డివిజన్‌లో రన్నింగ్ బిల్లు (జరిగినంత పనికి బిల్లు) తయారవుతుంది, అకౌంట్స్ సెక్షన్ దాన్ని పేయబుల్స్ (బిల్లులూ చెల్లింపులూ చూసే మాడ్యూల్)లోకి ఎక్కిస్తుంది. బిల్లు మీద కోతలు చాలా ఉంటాయి. అప్పటి 194సీ సెక్షన్ కింద ఆదాయపు పన్ను మామూలుగా వ్యక్తికి 1 శాతం, సంస్థకు 2 శాతం (2020 మే 14 నుంచి 2021 మార్చి 31 దాకా 0.75, 1.5కి తగ్గించారు). ఒప్పందం రెండున్నర లక్షలు దాటితే జీఎస్‌టీ టీడీఎస్ 2 శాతం. ఆపైన లేబర్ సెస్ 1 శాతం, ఇసుక కంకరలకు రాయల్టీ, సెక్యూరిటీ డిపాజిట్, మొబిలైజేషన్ అడ్వాన్సు (పని మొదలుపెట్టడానికి ముందుగా ఇచ్చిన సొమ్ము) రికవరీ. ఇవన్నీ పోగా మిగిలిన నికరం నెఫ్ట్ ఫైలుగా బ్యాంకుకు వెళ్తుంది.

ఈ లెక్కలన్నీ ఒరాకిల్ ఈ-బిజినెస్ సూట్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ 11.5.10.2 (క్లుప్తంగా 11ఐ) మీద అప్పటికి ఏళ్ళుగా నడుస్తున్నాయి. దాని చుట్టూ దాదాపు 240 కస్టమ్ ప్రోగ్రాములు పేరుకున్నాయి. రాసినవాళ్ళలో ఎక్కువమంది బదిలీల మీద వెళ్ళిపోయారు, కొందరు రిటైరయ్యారు. నెఫ్ట్ ఫైలు తయారుచేసేది కూడా అలాంటిదే: కస్టమ్ టాప్ (సంస్థ సొంత ప్రోగ్రాముల డైరెక్టరీ)లో ఉన్న ఒక ఎస్‌క్యూఎల్ ప్లస్ స్క్రిప్టు, ఆరు వందల లైన్లు, వ్యాఖ్య ఒక్కటీ లేదు.

మార్చక తప్పని కారణాలు కొత్తవేమీ కావు. ప్యాచులు (సవరణలు) రావడం ఆగి చాలాకాలమైంది, సర్వర్లకు విడిభాగాలు దొరకడం లేదు, కొత్తగా కొన్న కంప్యూటర్లలో ఫారాలు తెరుచుకోవడం లేదు. లక్ష్యం రిలీజ్ 12.2.

మొదట తేల్చుకోవాల్సినవి

అప్‌గ్రేడా, కొత్తగా కట్టుకోవడమా? అకౌంట్ కోడ్లు గజిబిజిగా ఉన్నాయి, ఈ సందర్భంలో శుభ్రంగా మొదలుపెడదామని ప్రధాన కార్యాలయంలో గట్టి వాదన వచ్చింది. సాంకేతికంగా అందులో తప్పు లేదు. కానీ పాత సంవత్సరాల ఆడిట్ పేరాలు (ఆడిటర్ల అభ్యంతరాలు) తెరిచే ఉన్నాయి. ఆడిటరు ఒక వోచరు అడిగితే జర్నల్ నుంచి బిల్లు దాకా అదే తెర మీద దిగి చూపించాలి. కొత్తగా కడితే పాత సిస్టమ్‌ను కూడా చూడ్డానికి మాత్రమే నడుపుతూ ఉండాలి, అంటే విడిభాగాలు దొరకని ఆ సర్వర్లనే ఇంకా మోయాలి. అందుకే అప్‌గ్రేడ్ చేసి, కోడ్ల ప్రక్షాళన తర్వాతకు వాయిదా వేశారు.

ఎప్పుడు ఆపాలి? మార్చిలో కుదరదని చెప్పనక్కర్లేదు. ఏ నెలైనా 7వ తేదీ దాకా ఆదాయపు పన్ను జమ, 10 దాకా జీఎస్‌టీఆర్-7 (జీఎస్‌టీ కోతల రిటర్ను) ఉంటాయి కాబట్టి 11 నుంచే వీలు. అక్టోబరులో చేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. దక్షిణ డివిజన్లవాళ్ళు ఒప్పుకోలేదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తుఫాను తర్వాత రోడ్ల పునరుద్ధరణ బిల్లులు ఆపడానికి వీల్లేదు, లైన్లు తెగితే డివిజన్ల నుంచి పరీక్షలు చేయడానికీ వీల్లేదు. చివరికి 2020 డిసెంబరు 11 శుక్రవారం సాయంత్రం నుంచి 15 మంగళవారం రాత్రి దాకా అని ఖాయమైంది. రెండు పనిదినాలు పోతాయి, చేతిలో వంద గంటల పైచిలుకు ఉంటాయి.

ఒడియాలో పేర్లు ముద్రించాలన్న కోరికను ఈ విడతలో పెట్టుకోలేదు. అందుకు డేటాబేస్ క్యారెక్టర్ సెట్‌నే (ఏ లిపుల అక్షరాలు దాచగలదో నిర్ణయించే అమరికనే) మార్చాలి. ఒడియా అయినా తెలుగు అయినా యూటీఎఫ్-8లో ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ముప్పై బైట్ల గడిలో పది సంకేతాలే పడతాయి, గుణింతాలూ ఒత్తులూ వాటిలోనే లెక్క. ఒకేసారి రెండు పెద్ద మార్పులు చేస్తే తేడా వచ్చినప్పుడు ఎందువల్ల వచ్చిందో తేల్చలేం.

పాత లెక్కలు ఎంత వెనక్కి?

రిహార్సల్స్‌లో ఎక్కువ కాలం తిన్నది ఈ ప్రశ్నే. 11ఐలో బిల్లు ఎంట్రీలు పేయబుల్స్ సొంత టేబుళ్ళలో ఉండి, అక్కణ్ణుంచి జనరల్ లెడ్జర్ (జీఎల్)కు వెళ్ళేవి. రిలీజ్ 12లో మధ్యలో సబ్‌లెడ్జర్ అకౌంటింగ్ అనే పొర వచ్చింది. అప్‌గ్రేడ్ డ్రైవర్ (డేటాను కొత్త రూపంలోకి మార్చే ప్రోగ్రాము) పాత ఎంట్రీలను ఆ పొరలోకి మారుస్తుంది, కానీ మనం ప్రొఫైల్ ఆప్షన్‌లో ఇచ్చిన తేదీ దాకానే వెనక్కి వెళ్తుంది. మిగతావి తర్వాత, సిస్టమ్ నడుస్తుండగానే, విడిగా మార్చుకోవచ్చు.

మొదటి మాక్ (రిహార్సల్ అప్‌గ్రేడ్)లో నడుస్తున్న ఆర్థిక సంవత్సరం మాత్రమే ఇచ్చారు. 52 గంటల్లో అయిపోయింది, ట్రయల్ బ్యాలెన్స్ పైసలతో సహా కలిసింది. అందరూ ఊపిరి పీల్చుకున్నాక ఒక డివిజన్ గుమాస్తా రన్నింగ్ బిల్లు ఎక్కించి పాత మొబిలైజేషన్ అడ్వాన్సు సర్దబోతే అకౌంటింగ్ ఎర్రరు. కారణం సూటిగానే ఉంది. అడ్వాన్సును బిల్లుకు సర్దేటప్పుడు సిస్టమ్ ఆ అడ్వాన్సు అసలు ఎంట్రీని కొత్త పొరలో వెతుకుతుంది. అడ్వాన్సు ఇచ్చింది మూడేళ్ళ కిందట, కొత్త పొరలో అది లేదు.

మామూలు వ్యాపార సంస్థకు ఒక ఏడాది చరిత్ర సరిపోవచ్చు. పనులు చేయించే సంస్థకు చాలదు. రాయగడ, కోరాపుట్ కొండల్లో అటవీ అనుమతి కోసం ఆగిన రోడ్డు పని ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, దాని అడ్వాన్సూ తెరిచే ఉంటుంది. రెండో మాక్‌లో మొత్తం చరిత్ర ఇచ్చి చూశారు. 130 గంటలు పట్టింది. వర్కర్లను (ఒకేసారి నడిచే ప్రాసెస్‌లను) 16 నుంచి 32కు పెంచితే ఇంకా నెమ్మదించింది, డిస్కు దగ్గర తొక్కిసలాట మొదలైంది.

అప్పుడు చేయాల్సిన పని చేశారు, నిజానికి మొదట్లోనే చేయాల్సింది. పూర్తిగా సర్దుబాటు కాని అడ్వాన్సులన్నిటినీ తేదీ వారీగా తీశారు. ఇంకా ప్రాణమున్న పనుల్లో అన్నిటికంటే పాతది 2016-17 నాటిది. అంతకుముందువి ఎనిమిదే తేలాయి, ఆ పనులన్నీ రద్దయినవే. వాటిని డివిజన్లు 11ఐలోనే రికవరీ చూపి మూసేశాయి. 2016 ఏప్రిల్ 1ని హద్దుగా పెట్టి, డేటాబేస్‌ను 11.2.0.4 వెర్షన్‌కు తెచ్చే పనిని సెప్టెంబరులోనే విడిగా కానిచ్చి, మూడో మాక్ నడిపితే 78 గంటలకు వచ్చింది. తనిఖీలకు ఇరవై గంటలకు పైగా మిగిలాయి.

అసలు అప్‌గ్రేడ్‌కు ముందు డివిజన్లు పూర్తిచేయాల్సిన జాబితా చిన్నదే కానీ మినహాయింపుల్లేవు. వాలిడేట్ కాని (సిస్టమ్ తనిఖీ పూర్తికాని) బిల్లు ఉండకూడదు. అకౌంటింగ్ కాని చెల్లింపు ఉండకూడదు. సగంలో వదిలేసిన పేమెంట్ బ్యాచ్‌ను కన్‌ఫర్మ్ చేయాలి, లేదా రద్దు చేయాలి. జీఎల్‌కు వెళ్ళినవన్నీ పోస్ట్ అయి ఉండాలి. పేమెంట్ బ్యాచ్‌ల దగ్గరే ఎక్కువ బేరాలు జరిగాయి. రెండేళ్ళ కిందటి సగం బ్యాచ్‌ను తాకడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు.

సప్లయర్ల జాబితా

రిలీజ్ 12లో సప్లయర్లు, బ్యాంకు శాఖలు అన్నీ ఉమ్మడి పార్టీ రికార్డుల్లోకి వెళ్తాయి. డూప్లికేట్లు ఉంటే అక్కడికీ డూప్లికేట్లుగానే వెళ్తాయి. సరిహద్దు డివిజన్లలో ఇవి లెక్కకు మించి ఉన్నాయి. తెలుగువాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియావాళ్ళు చివర రాస్తారు. ఒకే కాంట్రాక్టరు బరంపురం డివిజన్‌లో ఒక రకంగా, పర్లాకిమిడిలో మరో రకంగా నమోదయ్యాడు. ఊరిపేరుకూ ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులు: బెర్హంపూర్, బ్రహ్మపూర్, పర్లాఖెముండి, పారలాఖెముండి.

పేర్ల పోలికతో జతపరచడం రెండు రోజుల్లోనే మానుకున్నారు. పాన్ ఒకటైతేనే విలీనం, అదీ డివిజన్ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు వచ్చాకే. ఖాతా నంబరు ఒకటే, పాన్ వేరు అయితే ముట్టుకోలేదు. తండ్రీకొడుకులు వేర్వేరు లైసెన్సులతో పనులు చేస్తూ ఒకే ఉమ్మడి ఖాతా వాడుకుంటున్న సందర్భాలు ఉన్నాయి.

పరీక్షలో పాసైన ప్రోగ్రాము

240 కస్టమ్ ప్రోగ్రాముల్లో 90ని ఎవరూ వాడటం లేదని రిక్వెస్ట్ చరిత్ర (ఏది ఎప్పుడు నడిపారో చూపే రికార్డు) చూస్తే తెలిసింది, వాటిని వదిలేశారు. మిగిలిన 150కి పరీక్ష పద్ధతి ఇది: 11ఐలో ఒక నెలకు నడిపిన అవుట్‌పుట్, అప్‌గ్రేడ్ అయిన మాక్‌లో అదే నెలకు నడిపిన అవుట్‌పుట్, రెండూ అక్షరం అక్షరం పోల్చడం. తేడా వస్తే ఫెయిల్, రాకపోతే పాస్. నలభై దాకా ఫెయిలయ్యాయి, వాటిని బాగుచేశారు. నెఫ్ట్ ఫైలు మొదటిసారే పాసైంది. ఒక్క అక్షరం తేడా లేదు.

ఆ పాస్‌కు అర్థం లేదన్నది రెండు నెలల తర్వాత తెలిసింది.

స్క్రిప్టు కాంట్రాక్టరు ఖాతా నంబరును, ఐఎఫ్‌ఎస్‌సీని ఏపీ_బ్యాంక్_అకౌంట్స్_ఆల్ అనే పాత టేబుల్ నుంచి తీసుకుంటోంది. రిలీజ్ 12లో సప్లయర్ల ఖాతాలు పేమెంట్స్ మాడ్యూల్‌కు, ఐబీవై అని మొదలయ్యే టేబుళ్ళలోకి వెళ్ళిపోయాయి. పాత టేబుల్ మాత్రం డేటాతో సహా అక్కడే ఉంది. తెర మీద ఎవరు ఏం మార్చినా అందులోకి ఏదీ రాదు. అప్‌గ్రేడ్ రోజు గడియారం ఆగిపోయినట్టు డిసెంబరు 11 నాటి వివరాలు అందులో నిలిచిపోయాయి. మాక్‌లో పోల్చిన రోజు ఎవరూ ఏ ఖాతా వివరమూ మార్చలేదు కాబట్టి పాత టేబుల్, కొత్త టేబుల్ ఒకేలా ఉన్నాయి. ఎర్రరు ఇచ్చిన నలభై ప్రోగ్రాములు తమ రోగం తామే చెప్పుకున్నాయి. ఇది చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఖాతా వివరాలు పెద్ద ఎత్తున మారుతున్నాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. సరిహద్దు డివిజన్ల తెలుగు కాంట్రాక్టర్లలో ఆంధ్రా బ్యాంకు ఖాతాలు ఎక్కువ. ఐఎఫ్‌ఎస్‌సీ పదకొండు అక్షరాల్లో మొదటి నాలుగు బ్యాంకువి, అయిదోది సున్నా, చివరి ఆరు శాఖవి. మొదట ఏఎన్‌డీబీ ఉన్నవన్నీ యూబీఐఎన్ కావాలి. జనవరిలో గుమాస్తాలు కొత్త తెర మీద ఒక్కొక్కటీ మార్చుకుంటూ వచ్చారు. ఫైలు మాత్రం పాత కోడ్లతోనే వెళ్తోంది. పాత కోడ్లు ఇంకా చెల్లుతున్నాయి కాబట్టి సొమ్ము సరిగ్గానే పడుతోంది, ఎవరికీ అనుమానం రాలేదు.

బయటపెట్టింది గుణుపురం వైపు ఒక చిన్న కాంట్రాక్టరు. ఆయన మార్చుకున్నది కోడు కాదు, బ్యాంకే. ఫిబ్రవరిలో కౌంటరు దగ్గరకు వచ్చి అడిగిన మాట: "ఏటి బాబూ, కొత్త ఖాతా కాయితం ఇచ్చి నెలయిపోనాది, సొమ్ము పాత దాన్లోనే పడతంది. ఆ ఖాతా మీద లోనుంది, పడగానే కోసేస్తన్నారు." గుమాస్తా తెర తిప్పి చూపించాడు, కొత్త ఖాతా సరిగ్గానే ఉంది. ఆ మాటతో ఆయన్ని పంపేయకుండా ఆ రోజు బ్యాంకుకు వెళ్ళిన ఫైలు తెరిచి ఆ ఒక్క లైను చూడటం వల్లే కేసు తేలింది.

మొదటి మరమ్మతు, అది ఎలా ఎగిరిపోయింది

స్క్రిప్టును కొత్త టేబుళ్ళ మీదికి మార్చబోతే ఇంకో చిక్కు. రిలీజ్ 12లో ఖాతాను సప్లయర్ స్థాయిలో పెట్టొచ్చు, అడ్రసు స్థాయిలో పెట్టొచ్చు, సైటు (పని జరిగే చోటు కాదు, సప్లయర్ అడ్రసు కింద చెల్లింపులకు పెట్టిన నమోదు) స్థాయిలోనూ పెట్టొచ్చు. చెల్లించేటప్పుడు సిస్టమ్ కింద ఉన్న సైటు ఖాతాకే పెద్దపీట వేస్తుంది. పాత ఖాతాలు అప్‌గ్రేడ్‌లో సైటు స్థాయికి వచ్చాయి. కొందరు గుమాస్తాలు కొత్త ఖాతాను సప్లయర్ స్థాయిలో చేర్చి, సైటులోని పాతదానికి ముగింపు తేదీ వేయలేదు. అంటే స్క్రిప్టు బాగుపడినా వీళ్ళకు సొమ్ము పాత ఖాతాకే వెళ్తుంది.

అందుకని స్క్రిప్టు మాస్టర్ రికార్డుల నుంచి ఖాతాను మళ్ళీ ఊహించకుండా, చెల్లింపు మీదే నమోదైన ఖాతా ఐడీని, అంటే ఏపీ_చెక్స్_ఆల్‌లోని ఎక్స్‌టర్నల్_బ్యాంక్_అకౌంట్_ఐడీని, తీసుకునేలా రాశారు. పేమెంట్ తెర మీద కనబడే ఖాతా, ఫైల్లో వెళ్ళే ఖాతా ఇక వేరుకావు. రెండు స్థాయిల్లో రెండు ఖాతాలు తెరిచి ఉన్న సప్లయర్ల జాబితా తీసి డివిజన్లకు పంపారు. మార్చి మొదటి వారానికి అంతా సర్దుకుంది.

మార్చి మూడో వారంలో ఒక మామూలు ప్యాచ్ వేశారు. ఏప్రిల్ మొదటి ఫైల్లో చెల్లింపులు గంపగుత్తగా తిరిగొచ్చాయి. విలీనమైన బ్యాంకుల పాత కోడ్లు అప్పటికి ఆగిపోయాయి, మన ఫైల్లో మళ్ళీ ఏఎన్‌డీబీలే ఉన్నాయి. బాగుచేసిన స్క్రిప్టు స్థానంలో పాత స్క్రిప్టు కూర్చుంది.

12.2లో అప్లికేషన్ ఫైళ్ళు రెండు సెట్లు ఉంటాయి, ఎఫ్ఎస్1, ఎఫ్ఎస్2. ఒకటి నడుస్తుంటే ప్యాచ్ రెండోదాని మీద వేస్తారు. ప్యాచులు వేసే ఏడాప్ అనే సాధనం వరసగా ప్రిపేర్, అప్లై, ఫైనలైజ్, కటోవర్, క్లీనప్ అని నడుస్తుంది. కటోవర్‌లో రెండు సెట్లూ స్థానాలు మార్చుకుంటాయి. ఫిబ్రవరిలో బాగుచేసిన స్క్రిప్టును హడావిడిలో నడుస్తున్న ఎఫ్ఎస్1లో మాత్రమే చేత్తో కాపీ చేశారు. ప్యాచ్ ద్వారా రాని ఫైలు మారిందని ఏడాప్‌కు తెలియదు, మామూలు ప్రిపేర్ దాన్ని రెండోవైపుకు మోయదు. కటోవర్ కాగానే ఎఫ్ఎస్2 ముందుకొచ్చింది, అందులో డిసెంబరు నాటి స్క్రిప్టు ఉంది. 11ఐలో పదిహేనేళ్ళు పనిచేసిన చేతికి ఇది తట్టదు. అక్కడ కాపీ చేస్తే చేసినట్టే.

తిరిగొచ్చినవన్నీ వాయిడ్ చేసి (చెల్లింపు రద్దయినట్టు నమోదు చేసి) మళ్ళీ చెల్లించారు. వాయిడ్‌కు మార్చి తేదీ వేద్దామని ఒత్తిడి వచ్చింది, బడ్జెట్ లెక్క అందంగా ఉంటుందని. ఒప్పుకోలేదు. సొమ్ము తిరిగి జమైంది ఏప్రిల్‌లో, బ్యాంకు స్టేట్‌మెంటూ అదే చెబుతుంది. మార్చిలో వాయిడ్ చూపితే రీకన్సిలియేషన్ (బ్యాంకుతో లెక్క సరిపోల్చడం) ఏడాది పొడుగునా తేడా చూపుతూనే ఉంటుంది.

నిలిచిన మార్పులు

కస్టమ్ టాప్ డైరెక్టరీలన్నిటినీ ఏడాప్_సింక్ డ్రైవర్ ఫైల్లో కస్టమ్ విభాగంలో చేర్చారు. ప్రిపేర్ నడిచినప్పుడల్లా అవి రెండోవైపుకు వెళ్తాయి. దాని మీదే భరోసా పెట్టుకోకుండా, కటోవర్‌కు ముందు రెండు సెట్లలోని కస్టమ్ ఫైళ్ళ చెక్‌సమ్‌లు (ఫైలు మారితే మారిపోయే గుర్తింపు సంఖ్యలు) తీసి పోల్చే చిన్న షెల్ స్క్రిప్టు ఒకటి రాశారు. ఒక్కటి కలవకపోయినా కటోవర్‌కు అనుమతి సంతకం పడదు. మార్చి కటోవర్ రోజు ఇది ఉండి ఉంటే రెండు నిమిషాల్లో దొరికేది.

పరీక్ష పద్ధతి మారింది. ఇప్పుడు ముందు డేటాను మారుస్తారు, తర్వాత పోలుస్తారు. టెస్ట్ సిస్టమ్‌లో అయిదుగురు సప్లయర్ల ఖాతా నంబరు చివరి అంకె, ఇద్దరి ఐఎఫ్‌ఎస్‌సీ, ఒకరి పాన్ తెర మీద నుంచి మారుస్తారు, కొత్త బిల్లొకటి, వాయిడ్ ఒకటి, అడ్వాన్సు రికవరీ ఒకటి చేస్తారు. ఆ తర్వాత అన్ని అవుట్‌పుట్లూ నడుపుతారు. మార్పు కనబడాల్సిన చోట కనబడకపోతే అది ఫెయిల్. డిసెంబరులో పాస్ అన్నది ఇప్పుడు ఫెయిల్ అయింది.

పాత టేబుళ్ళ మీద ఇంకా ఎవరు ఆధారపడుతున్నారో వెతకడానికి డేటాబేస్ డిపెండెన్సీల వ్యూ చాలదు. అది డేటాబేస్ లోపలి ప్యాకేజీలనే చూపిస్తుంది, బయట ఫైళ్ళలోని స్క్రిప్టులను, రిపోర్టులను చూపించదు. టేబుల్ పేర్లతో కస్టమ్ టాప్ అంతా గ్రెప్ చేస్తే (వెతికితే) పదకొండు దొరికాయి. అయినా పేరును ముక్కలుగా కూర్చుకునే డైనమిక్ ఎస్‌క్యూఎల్ దానికీ చిక్కదు. అందుకని టెస్ట్ సిస్టమ్‌లో మాత్రమే, ఆ పాత టేబుళ్ళకు యాప్స్ స్కీమాలో ఉన్న సినానిమ్‌లు (టేబుళ్ళ మారుపేర్లు) తీసేసి 150 ప్రోగ్రాములూ మళ్ళీ నడిపారు. ఆ మారుపేరుతో పాత టేబుల్‌ను తాకిన ప్రోగ్రాము ఓఆర్ఏ-00942 (టేబుల్ లేదు) లాంటి ఎర్రరుతో పడిపోతుంది. ప్రొడక్షన్‌లో ఇది చేయకూడదు, ఒరాకిల్ సొంత ఆబ్జెక్టులు కొన్ని ఇన్‌వాలిడ్ అవుతాయి.

ఆ రోజు ఇంకో రెండు పడ్డాయి. ఒకటి ఎవరికీ అక్కర్లేని పాత లేబుల్ ముద్రణ. రెండోది రాయల్టీ రిజిస్టరు. ఏడాది మొదటినుంచి కోతలన్నీ కూడి చూపే ఆ రిజిస్టరు 11ఐ నాటి అకౌంటింగ్ లైన్ల టేబుల్‌ను చదువుతోంది. డిసెంబరు 11 తర్వాత అందులోకి ఒక్క ఎంట్రీ చేరలేదు. మొత్తం మారకుండా నాలుగు నెలలుగా ప్రింటవుతోంది, కింద ముగ్గురి సంతకాలు పడుతున్నాయి.